నాలుక మీద కరగనిది

శౌరమ్మగారు బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఒక్క తప్పూ చేయలేదు. ఆవిడ మీద కోడలు తెరేసమ్మకున్న ఫిర్యాదల్లా అదే. చేపల పులుసులో ఉప్పెక్కువైతే ఆ నేరం ఉప్పుది. ఈ మధ్య వచ్చే ఉప్పు మునుపటి ఉప్పులా మాట వినడం లేదు. ఉయ్యూరు వెళ్ళాల్సిన మనిషి ఏలూరు బస్సెక్కి హనుమాన్ జంక్షన్ చూసి వచ్చిందంటే, దారి తప్పింది బస్సే గాని ఆవిడ కాదు. కొడుకు పెళ్ళి ఫోటోలో కళ్ళు మూసుకుని ఉండడం కూడా ఆవిడ తప్పు కాదు. ఆవిడ తెరిచే ఉంచింది, ఫోటో తీసేవాడే తొందరపడ్డాడు. నెలనెలా చర్చిలో పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్తుంది, మరి ఆ జాలీకి ఇవతల మోకరించి గురువుగారి చెవిలో ఏం చెబుతుందో ఇన్నేళ్ళుగా తెరేసమ్మకు అంతుపట్టలేదు. బహుశా కోడలి తప్పులు చెప్పి, వాటికి తాను క్షమాపణ పుచ్చుకుని వస్తుంది కాబోలు. అటువంటి మనిషి ఇప్పుడు పటమటలో సిస్టర్ల డిస్పెన్సరీ వరండాలో, బల్ల మీద ఆ చివరన కూర్చుని జపమాల తిప్పుతోంది. ఈ చివరన తెరేసమ్మ. మధ్యలో ఒక టిఫిన్ కేరియరూ, ఒక మరచెంబూ, కొన్ని వారాల మౌనమూ.

తెరేసమ్మ కుడిచేతి గుప్పిట్లో ఒక తెల్లమాత్ర ఉంది. ఇందాక సిస్టర్‌గారు తెచ్చి పెట్టి వెళ్ళింది. "మీ చేత్తో ఐతేనే పుచ్చుకుంటుంది కదా, మీరే వెయ్యండమ్మా" అంది. పాపం ఆవిడకేమీ తెలియదు. మాత్ర మీది చక్కెర పూత చెమటకి కరిగి అరచేతికి అంటుకుంటోంది, డిసెంబరులో చెమటేమిటి అని తెరేసమ్మ తనను తానే కసురుకుంది. మొగుడు బాలశౌరి పొద్దున్నే మొదటి బస్సుకి పామర్రు వెళ్ళాడు, అమలమ్మను తీసుకురావడానికి. అక్కడి చర్చి ఉపదేశి పుల్లయ్య కబురంపాడు, మీ గుడి మెట్ల మీద ఉండే పిల్ల ఇక్కడ బస్టాండు షెడ్డులో ఉందండీ, ఎవరేం పెట్టినా ముట్టుకోట్లేదండీ, కోతలైన చేలల్లో పరిగె ఏరుకుని, వడ్లు గోళ్ళతో ఒలుచుకుని తింటందండీ అని. డాక్టరు రామకోటేశ్వరరావుగారు శనివారం శనివారం వస్తాడు, పైసా పుచ్చుకోడు, మధ్యాహ్నం దాకా ఉంటాడు. లోపల గదిలో ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. ఆయన చెప్పింది సూటిగానే చెప్పాడు. ఆ పిల్ల వచ్చి మాత్ర పుచ్చుకుంటే సిస్టర్లు వెనక గదిలో మంచం వేసి ఉంచుకుంటారమ్మా, మనం చూసుకుందాం. తిండీ వద్దు మందూ వద్దు అంటే మాత్రం ఇక్కడ పెట్టుకోలేం, దూరాన ఉన్న పిచ్చాసుపత్రికి రాసివ్వాల్సి వస్తుంది, పోలీసు జీపులో తీసికెళ్తారు, వెళ్ళినవాళ్ళలో నావాళ్ళంటూ లేనివాళ్ళు తిరిగి రావడం నేనైతే ఎక్కువగా చూడలేదు. అంటే అదంతా, ఆ పిల్ల ఇక్కడ ఉండడమా అక్కడికి పోవడమా అన్నదంతా ఈ జిగట మాత్ర మీద ఉంది. కాదు, మాత్ర మీద కాదు, పెట్టే చేతి మీద. చేతి మీద కూడా కాదు, ఆ చివరన ఏమీ ఎరగనట్టు పూసలు తిప్పుతున్న ఆవిడ మీద ఉండేది. ఆవిడ నోరు మూసుకుని ఊరుకుని ఉంటే ఇవాళ ఎవరూ పామర్రు బస్సెక్కాల్సిన పనే లేదు.

రోడ్డు మీద సోడాబండివాడు గోలీ నొక్కాడు, కీచుమంది. అమలమ్మ ఉంటే ఆ చప్పుడికి లేచి నిలబడేది. సోడా తెస్తానని వెళ్ళాడు వాళ్ళన్నయ్య. గుణదల తిరునాళ్ళకని తీసుకొచ్చి, తల నీలాలు ఇప్పించి, చేతిలో కొబ్బరికాయ పెట్టి, ఈ బండ మీద కూర్చోవే సోడా తెస్తా అన్నాడు. తిరునాళ్ళయిపోయింది, పందిళ్ళు విప్పేశారు, జనమంతా బస్సులూ రైళ్ళూ ఎక్కేశారు, అమలమ్మ గుండుతో, ఒళ్ళో కొబ్బరికాయతో కూర్చునే ఉంది. ఎవరో రిక్షావాడు జాలిపడి పటమట దాకా తెచ్చి గుడి మెట్ల మీద దింపి పోయాడు. అప్పట్నుంచీ ఆ పిల్లకు ఒకటే మాట. నిజమేనా? అన్నం పెడితే, ఇది అన్నమేనా, నిజమేనా? నీళ్ళిస్తే, నీళ్ళేనా? ఎండగా ఉంది నీడకు రావే అంటే, ఎండేనా అని చెయ్యి చాపి చూసుకునేది. ఒకసారి బాలశౌరిని ఎగాదిగా చూసి, "ఈయన మీ ఆయనేనా టీచరమ్మా, నిజమేనా?" అంది. అంతకాలం కాపురం చేసినా ఆ ప్రశ్న తెరేసమ్మకు తట్టలేదు, ఆ రోజు మాత్రం భోజనాల దగ్గర మొగుణ్ణి కాస్త పరకాయించి చూసింది. టీచరమ్మ కూడా నిజం కాదు. కళ్ళజోడుంది కాబట్టి టీచరమ్మ. బి.ఏ. చదివింది, అందులో సైకాలజీ ఒక పేపరు, మార్కులు బాగానే వచ్చాయి. పిల్ల ఉద్యోగం చేస్తానంటుంది, చేయనిస్తారా అని పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్న అడిగితే శౌరమ్మగారు "చూద్దాం" అంది. పెళ్ళయ్యాక తెరేసమ్మే అడిగింది. "చూద్దామన్నాను, చూశాం కదా" అంది ఆవిడ. అబద్ధమాడలేదు. ఆవిడ ఎప్పుడూ అబద్ధమాడదు, ఆవిడతో అదే చిక్కు. మోసపోయినవాళ్ళు వెనక్కి వెళ్ళి ఆ మాట తీసి చూసుకుంటే మాట శుభ్రంగా ఉంటుంది, ఎక్కడా మరక కనిపించదు.

మొదట్లో ఏ ఆసుపత్రికి తీసికెళ్ళినా కిటికీలోంచి అడిగేది ఒకటే, ఎవరి తాలూకు? అమలమ్మ ఎవరి తాలూకు? గుడి మెట్ల తాలూకు అంటే రాసుకోరు. బాలశౌరి రైల్వేలో బుకింగు ఆఫీసులో ఉన్నాడు, రైల్వే ఆసుపత్రిలో భార్యకు చూస్తారు, పిల్లలకు చూస్తారు, అమ్మకు చూస్తారు, సోడా కోసం ఎదురుచూసే పిల్లకు చూడరు. వాళ్ళనీ అనడానికి లేదు, పాసులో పేరుండాలిగా. పాసులో పేరు లేనివాళ్ళకి మెదడుండకూడదని తెరేసమ్మ అంటే, బాలశౌరి నవ్వి, ఆ మాట ఆఫీసులో అనకు అన్నాడు, తాను ఏ ఆఫీసుకి వెళ్తుంది గనక. చివరికి సిస్టర్లే, రండమ్మా చూద్దాం అన్నారు. వాళ్ళు చూద్దామంటే నిజంగానే చూశారు. డాక్టరుగారు అమలమ్మ ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు, ఆ పిల్ల ఆయన మెడలో గొట్టం పట్టుకుని ఇది గొట్టమేనా అని అడిగితే, ఔనమ్మా, కావాలంటే నువ్వూ విను అని చెవుల్లో పెట్టి తన గుండెకాయ చప్పుడు వినిపించాడు. విని, "ఉంది" అంది అమలమ్మ, తనిఖీకొచ్చినదానిలాగా. రోజుకొక మాత్ర, మానకూడదు, నెలల తరబడి వేయాలి, నమ్మకం కుదిరేలా ఇవ్వండి అన్నాడు. నమ్మకం కుదిరేలా. ఆ మాటే తెరేసమ్మ పట్టుకుంది.

ఇడ్లీలో పెట్టింది. అమలమ్మ ఇడ్లీని నాలుగు ముక్కలు చేసి, మధ్యలో మాత్రను వేలితో పొడిచి తీసి, ఇడ్లీ పక్కన పెట్టి, మాత్రను గోడ మీద కాకికి విసిరింది. ఆ కాకి దాన్ని తిని, పొద్దుగూకే దాకా గోడ మీదే కూర్చుంది, అరవకుండా, ఎగరకుండా, పెన్షను పుచ్చుకున్న పెద్దమనిషిలాగా లోకాన్ని చల్లగా చూస్తూ. మందు పనిచేస్తుందని తెరేసమ్మకు అప్పుడే గట్టి నమ్మకం కుదిరింది. అరటిపండులో పెట్టింది, బెల్లంముక్కలో పెట్టింది, పెరుగన్నంలో నూరి కలిపింది, ప్రతిసారీ నిజమేనా, ప్రతిసారీ కాకి. ఇంట్లో శౌరమ్మగారు, "ఏమే తెరేసా, బి.ఏ.లో కాకుల వైద్యం కూడా చెప్పారా?" అంది. అప్పట్లో ఇద్దరూ మాట్లాడుకునే వాళ్ళే. ఇప్పుడు బల్ల అవతలి చివర పూస మీద పూస పడుతున్న చప్పుడు టిక్కుమంటుంటే, తెరేసమ్మకు ఆ కాకి మీద కూడా కొంచెం అసూయగా ఉంది. దానికి ఎవరి మీదా కోపం లేదు.

ఆదివారం పూజలో చూసింది. గురువుగారు సత్ప్రసాదం, నాలుక మీద ఇట్టే కరిగే తెల్లటి అప్పం, పంచుతున్నారు, వరసలో ఆడవాళ్ళ చివర అమలమ్మ మోకరించి ఉంది. ఆ పిల్లకి ఇవ్వచ్చా అని మునుపు పెద్దలెవరో అడిగితే గురువుగారు, ఆకలితో నోరు తెరిచినవాళ్ళకి పెట్టడమే నాకు చెప్పిన పని, మిగతా లెక్క పైవాడు చూసుకుంటాడు అన్నారు. అమలమ్మ తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, పక్షిపిల్లలాగా నోరు తెరిచింది. క్రీస్తు శరీరము, అన్నారు గురువుగారు. ఆమెన్, అంది. అంతే. నిజమేనా అని అడగలేదు. నిజమేనా అనకుండా దేన్నీ వదలని పిల్ల, ఎండనీ నీళ్ళనీ బాలశౌరినీ అనుమానించిన పిల్ల, దాన్ని అడగలేదు. తెరేసమ్మ అక్కడే, పూజ మధ్యలో, ముసుగు కింద నవ్వుకుంది. పరీక్షలో ఎవరికీ రాని లెక్క తనకు తేలినప్పటి నవ్వు అది. మర్నాడు గుడి పక్క వాకిట్లో, ఎవరూ లేకుండా చూసి, మాత్రను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఆ ఎత్తున, అలాగే, కాస్త నిలిపి చూపించింది. అమలమ్మ చేతిలో చీపురు కింద పెట్టింది. మోకరించింది. నోరు తెరిచింది. తెరిచి ఆగింది, ఆ మాట కోసం. మాట రాకపోతే ఆ నోరు మూసుకుంటుంది. అందుకని తెరేసమ్మ అనేసింది, మెల్లగా, గురువుగారి రాగంతో. ఆమెన్, అంది అమలమ్మ. కాకి ఆ రోజు ఉపవాసం.

ఎంత బాగైందో! అది కూడా ఎవరూ గుర్తుంచుకోరు, తెరేసమ్మ ఒక్కతే గుర్తుంచుకోవాలి. గుండు మీద జుట్టు వచ్చేలోగా తలంటి పోసుకోవడం మొదలెట్టింది, గుడి ఊడ్చి కొవ్వొత్తుల మైనం గోకి పెట్టేది, సిస్టర్ల వంటింట్లో బీరకాయలు తరిగేది. నిజమేనా అన్నది రోజుకొక్కసారికి వచ్చింది, తర్వాత వారానికి. ఒక మధ్యాహ్నం బీరకాయ చెక్కు తీస్తూ, "మా అన్నయ్య ఇంక రాడు కదా టీచరమ్మా" అంది, అడిగినట్టు కాదు, చెప్పినట్టు. రాడే, అంది తెరేసమ్మ. అమలమ్మ తలూపి ఇంకో బీరకాయ తీసుకుంది. శనివారం డాక్టరుగారు పిల్లని చూసి ఆశ్చర్యపడి, ఎలా వేస్తున్నారమ్మా మాత్ర, ఏమీ అనడం లేదా అని అడిగాడు. "భక్తితో పుచ్చుకుంటోందండీ" అంది తెరేసమ్మ. ఆయన బొట్టు పెట్టుకునే మనిషి, ఈ సంగతులు ఆయనకేం తెలుసు, చాలా సంతోషం, అలాగే కానివ్వండి అన్నాడు. ఇంటికొచ్చి ఆ జవాబు తలుచుకుని వంటింట్లో ఒక్కతే ఎంత నవ్వుకుందో. ఆ నెల పాపసంకీర్తనంలో కోపం చెప్పింది, పూజకు ఆలస్యంగా వెళ్ళడం చెప్పింది, పక్కింటి కొత్త రేడియో మీద అసూయ చెప్పింది. ఇది చెప్పలేదు. ఇది వైద్యం కదా, పాపాల్లోకి ఎందుకొస్తుంది.

శౌరమ్మగారు ఒక రోజు పీఠం మీదికి పూలు పట్టుకెళ్తూ అది చూసింది. అరవలేదు. అరిచి ఉంటే సరిపోయేది. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, "నువ్వు ఆ పిల్లకి పెట్టేదేంటే?" అంది. మాత్రండీ అంది తెరేసమ్మ. "నువ్వనే మాటేంటే?" అంది. తెరేసమ్మ చెప్పింది, కాకి సంగతీ డాక్టరు సంగతీ పిచ్చాసుపత్రి సంగతీ అన్నీ చెప్పి, అత్తగారి జపమాల తీసి ఆవిడ చేతిలోనే పెట్టి, గురువుగారికి చెప్పనని ఒట్టెయ్యండి అత్తయ్యగారూ, ఆ పిల్ల ప్రాణం మీదికొస్తుంది అని బతిమాలింది. ఆవిడ జపమాల కేసి చూసి, "గురువుగారికి చెప్పను" అంది. అంత శుభ్రమైన మాట విని కూడా తనకు బుద్ధి రాలేదు. చూద్దాం అన్నప్పుడు రాలేదు, ఇప్పుడూ రాలేదు.

ఆ తర్వాతి ఆదివారం గురువుగారు సత్ప్రసాదం ఎత్తి పట్టుకుని క్రీస్తు శరీరము అన్నప్పుడు, అమలమ్మ కళ్ళు తెరిచింది, నోరు తెరవలేదు. గుడి అంతా వినపడేట్టు, "ఇది ప్రసాదమేనా? నిజమేనా?" అంది. గురువుగారి చెయ్యి ఆ ఎత్తునే ఆగిపోయింది. ఔనమ్మా అన్నారు ఆయన, గొంతు తగ్గించి. అమలమ్మ ఆయన వేళ్ళకేసి, పళ్ళెంకేసి, వెనక్కి తిరిగి ఆడవాళ్ళ వరసలన్నీ దాటుకుంటూ తెరేసమ్మ మొహంకేసి చూసింది. పాట పాడేవాళ్ళు ఆపేశారు. పిల్లెవరో కిసుక్కున నవ్వితే వాళ్ళమ్మ తొడపాశం పెట్టింది. అమలమ్మ లేచి, చెప్పుల్లేని కాళ్ళతో, మధ్య దారి వెంట నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మోకాళ్ళ మీద ఉన్న తెరేసమ్మ లేవలేదు. లేచి వెంట వెళ్ళొచ్చు. పక్కన అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది, పెళ్ళి ఫోటోలో లాగా, మరి ఆ క్షణాన తెరేసమ్మకు ఒళ్ళంతా మండిపోయి, ఈవిడే, ఈవిడే చెప్పేసింది, జపమాల పట్టుకుని మరీ మోసం చేసింది అన్నది తప్ప ఇంకేమీ తోచలేదు.

అప్పట్నుంచీ యుద్ధం. యుద్ధమంటే ఈ ఇంట్లో అరుపులు కాదు. తెరేసమ్మ పొయ్యితో మాట్లాడుతుంది, శౌరమ్మగారు గోడతో మాట్లాడుతుంది. "కాఫీ అయిందని చెప్పవే పొయ్యీ" అంటుంది ఈవిడ. "చక్కెర తక్కువైందని చెప్పవే గోడా" అంటుంది ఆవిడ. బాలశౌరి మధ్యలో కూర్చుని రెండు కాఫీలూ తాగేస్తాడు. ఆ మనిషి చేసింది మాత్రం తక్కువ ద్రోహమా. తెరేసమ్మ అంత ఏడ్చి అంత చెప్తే, అంతా విని, "ఎవరి తప్పూ కాదులే తెరేసా" అని చారు పోయించుకున్నాడు. ఎవరి తప్పూ కాదా? తప్పు ఎవరిదో ఒకరిదై తీరాలి, లేకపోతే ఆ పిల్ల ఊరికే వెళ్ళిపోయినట్టా? పొలాల గట్ల వెంట, కంకిపాడు దాటి, ఉయ్యూరు దాటి, కాలవ పక్క నడిచి వెళ్ళి ఉంటుంది, వరికోతల్లో జనం ఉంటారు కదా, ఎవరో ఒకరు అన్నం పెట్టబోయి ఉంటారు, వద్దని ఉంటుంది. ఎవరి చేతిదీ వద్దు. దేవుడి చేతిది కూడా వద్దనిపించిన పిల్లకు మనిషి చేతిది ఏం రుచిస్తుంది. ఆ మాట మనసులో అనుకున్నాక తెరేసమ్మ దాన్ని పక్కకు నెట్టబోయింది, అది పోలేదు. వేడి గిన్నె చేత్తో పట్టుకున్నాక దింపడానికి చోటు వెతుక్కుంటున్నట్టుగా ఉంది. దేవుడి చేతిది కూడా వద్దనిపించింది ఎవరు? శౌరమ్మగారే. చెప్పింది ఆవిడే కదా. చెప్పకపోతే తెలిసేదే కాదు కదా.

"గోడా" అంది శౌరమ్మగారు, జపమాల ఆపి, డిస్పెన్సరీ గోడకేసి చూస్తూ. తెరేసమ్మ తల తిప్పలేదు. ఇక్కడ పొయ్యి లేదు, జవాబు చెప్పడానికి. "గోడా, నేను ఆ పిల్ల దగ్గరికి వెళ్ళలా. అదే నా దగ్గరికొచ్చింది. పెరటి గుమ్మంలో కూర్చుని మామ్మా, మామ్మా అంది. ఏంటే అన్నా. నోరు తెరిచి చూపించింది. నాలుక మీద మాత్ర అట్టాగే ఉంది, పై పూత పోయి. ప్రసాదమైతే కరిగిపోద్ది కదా మామ్మా, టీచరమ్మ పెట్టేది కరగట్లా, చేదొస్తంది, నాలోనే ఏదో పాపముండి కరగట్లేదేమోనని రోజూ మింగుతన్నా, నా పాపం వల్లేనా మామ్మా, ఇది ప్రసాదమేనా, నిజమేనా, అని అడిగింది." పూసలు ఆవిడ ఒళ్ళోకి జారాయి. "అంతగా నోరు తెరిచి అడిగితే నేనేం చెప్పను? గురువుగారికి చెప్పనన్నా, చెప్పలా. ఆ పిల్లకి చెప్పననలా. నీ పాపం కాదే పిచ్చిపిల్లా, అది మాత్రే అని చెప్పా. అదీ జరిగింది. ఈ మాట చెప్పనిచ్చే మొహమే పెట్టకపోయె మా కోడలు ఇంతకాలం."

లోపల డాక్టరుగారు ఎవరినో దీర్ఘంగా ఊపిరి తీయమంటున్నాడు. తెరేసమ్మ తీసింది. రోజూ మింగుతోందట. చక్కెర పూత పోయాక వచ్చే ఆ చేదును, కరిగేదాకా నమలకూడదని, కదపకూడదని, నాలుక మీదే ఉంచుకుని, వాకిలి ఊడుస్తూ, తనలో ఏ పాపం దాన్ని కరగనివ్వడం లేదా అని వెతుక్కుంటూ. తాను అప్పుడు ఎక్కడుంది? వంటింట్లో నవ్వుకుంటోంది, భక్తితో పుచ్చుకుంటోందండీ అన్నందుకు. సైకాలజీ పేపర్లో ఇది లేదు. లోకంలో ఉన్నవాటన్నిటినీ నిజమేనా అని అడిగిన పిల్ల ఒక్కదాన్ని అడక్కుండా వదిలిపెట్టింది, నిలబడడానికి ఆమాత్రం గట్టినేల ఒక్కటి అట్టే పెట్టుకుంది. తాను వెతికి వెతికి, తెలివిగా, సరిగ్గా అక్కడే గొయ్యి తవ్వింది. అన్నయ్య సోడా అన్నాడు. తాను క్రీస్తు శరీరమంది. నమ్మించి ఆ పిల్ల చేతిలో పెట్టిన కొబ్బరికాయల్లో ఎవరిది పెద్దది? మరి పాటంతా ఆగిపోయి గుడి మొత్తం చూస్తున్నప్పుడు ఆ పిల్ల తన మొహంకేసి ఎందుకు చూసిందో ఇన్ని వారాలుగా తెరేసమ్మకు తెలియదా? తెలుసు. తెలిసే అత్తగారి మూసుకున్న కళ్ళకేసి తిరిగింది. మోసపోయానని ఏడవడంలో ఒక సుఖం ఉంది, మనం చేసిన మోసం దాని వెనక హాయిగా నిద్రపోతుంది. ఇక ఆవిడ, ఆ చివరనున్న మహాతల్లి, ఈసారి కూడా తప్పు చేయలేదు. ఇది అన్నిటికంటే అన్యాయం. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆవిడ తప్పు చేసి ఉండకూడదా.

గేటు దగ్గర రిక్షా ఆగింది. బాలశౌరి దిగి, చొక్కా నిండా దుమ్ముతో, ఇటు చూసి చెయ్యి ఊపబోయి మానుకున్నాడు. అమలమ్మ తనంతట తనే దిగింది. మెడ దాకా పెరిగిన జుట్టులో గడ్డిపరకలున్నాయి, పెదాలు పగిలి ఉన్నాయి, గోళ్ళు విరిగి వేళ్ళ కొసలు నల్లగా గట్టిపడ్డాయి, కొంగున చిన్న మూట, వడ్లు కాబోలు. పరాయి అన్నం ముట్టని మనిషి తన తిండి తను తెచ్చుకుంది. వరండా మెట్ల దాకా వచ్చి అక్కడ ఆగింది. సిస్టర్‌గారు గ్లాసుతో నీళ్ళు పట్టుకుని బయటికొచ్చింది, డాక్టరుగారు గుమ్మంలో నిలబడ్డాడు, చీటీలు పట్టుకుని కూర్చున్న రోగులంతా తలలు తిప్పారు. తెరేసమ్మ లేచింది. అలవాటు కొద్దీ చెయ్యి దానంతటదే పైకి లేచింది, మాత్ర రెండు వేళ్ళ మధ్యకి వచ్చింది, ఆ ఎత్తుకి. అమలమ్మ కళ్ళు ఆ వేళ్ళతో పాటు పైకి వెళ్ళాయి, మనిషి ఒక అడుగు వెనక్కి వేసింది, పెదాలు బిగుసుకున్నాయి. తెరేసమ్మ చెయ్యి దింపేసింది. మెట్లు దిగి వెళ్ళి, గుప్పిట విప్పి, అరచెయ్యి చాపింది. మాత్ర సగం కరిగి, పూత పోయి, బుడిపెలు బుడిపెలుగా ఉంది.

"ఏంటది?" అంది అమలమ్మ.

"మాత్ర."

"నిజమేనా?"

"నిజమే. మందు. అప్పుడు పెట్టింది కూడా ఇదే."

అమలమ్మ ఆమె భుజం మీదుగా వరండాలోకి చూసింది. "మామ్మా?"

"నన్నడక్కే అమ్మా" అంది శౌరమ్మగారు. "ఆవిణ్ణే అడుగు. ఆవిడకీ నోరుంది."

"మరి అప్పుడు ఆ మాటన్నావుగా టీచరమ్మా. నేను ఆమెన్ అన్నాగా."

నీ మంచికే అన్న మాట తెరేసమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే డాక్టరూ, పిచ్చాసుపత్రీ, కాకీ, పాసూ, అన్నీ వరసకట్టి నిలబడ్డాయి, ఒక్కొక్కటీ నిజమే, ఒక్కొక్కటీ శుభ్రంగా ఉంది. వాళ్ళన్నయ్య కూడా ఇంటికి తిరిగి వెళ్ళి ఎవరితోనో ఆ మాటే అని ఉంటాడు, దాని మంచికే అని. ఆమె ఆ మాట మింగేసింది. చేదుగానే ఉంది.

"అన్నాను. అబద్ధం చెప్పాను నీకు. గుళ్ళో గురువుగారు పెట్టేది నిజం. నీ పాపమేం లేదు. నేను పెట్టింది మాత్ర, నేనన్నది అబద్ధం."

అమలమ్మ కొంగు మూట ఎడమచేతిలోకి మార్చుకుంది. కుడిచెయ్యి నెమ్మదిగా ముందుకు చాపింది. తల వాల్చలేదు, కళ్ళు మూయలేదు, నోరు తెరవలేదు. ఉత్త అరచెయ్యి, వడ్లు ఒలిచి ఒలిచి చిట్లిన అరచెయ్యి. తెరేసమ్మ మాత్ర అందులో పెట్టబోయింది. వేళ్ళు ముడుచుకున్నాయి.

"ఆ రోజు గుళ్ళో అందరూ నన్నే చూశారు" అంది అమలమ్మ. "గట్టిగా చెప్పు. అందరికీ ఇనపడాలి."

తెరేసమ్మ వెనక్కి తిరగలేదు. తిరగకపోయినా అత్తగారి కళ్ళు ఈసారి తెరిచే ఉన్నాయని తెలుసు. ఊపిరి తీసుకుని, రోగులకీ, డాక్టరుకీ, గేటు దగ్గర మొగుడికీ, రోడ్డు మీద సోడాబండివాడికీ కూడా వినపడేట్టు, జీవితంలో మొదటిసారి గొంతెత్తింది.

"నేను తప్పు చేశాను అమలమ్మా. నీ తప్పేం లేదు. మా అత్తయ్యగారి తప్పు కూడా లేదు. తప్పు నాది."